ఇత్తడి లెన్సు బాగుచేయడం: మెరుపు జోలికి పోకుండా

బల్ల మీదికి వచ్చింది పారిస్‌లో ఆల్ఫోన్స్ డార్లో కార్ఖానా చేసిన పోర్ట్రెయిట్ లెన్సు. పందొమ్మిదో శతాబ్దం రెండో సగం నాటిది. ముందు గాజు వ్యాసం 57 మి.మీ., ఫోకల్ లెంగ్త్ 210 మి.మీ. దగ్గర. అంటే ఎఫ్/3.7; ఈ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ వెలుతురు వదులుతుంది. లోపలి కూర్పు పెట్స్‌వాల్‌ది: ముందు రెండు గాజుల జంట, వెనక ఇంకో జంట. వియన్నాలో జోసెఫ్ పెట్స్‌వాల్ 1840లో లెక్కకట్టిన ఈ కూర్పు రాకముందు దగెర్ కెమెరాలకు (ఫొటోగ్రఫీ తొలినాళ్లవి) పెట్టే లెన్సులు ఎఫ్/15 చుట్టుపక్కల ఉండేవి. మనిషి ఎండలో కూర్చున్నా నిమిషాల తరబడి కదలకూడదు. పెట్స్‌వాల్ లెన్సుతో ఆ సమయం సెకన్లలోకి దిగింది. సికింద్రాబాదులో రాజా దీన్ దయాళ్ స్టూడియో నడిచిన రోజులు కూడా ఇలాంటి ఇత్తడి లెన్సుల రోజులే.

వచ్చినప్పుడు దీని పరిస్థితి ఇదీ. ముందు సెల్, అంటే గాజులను పట్టి ఉంచే ఇత్తడి చట్రం, బిగుసుకుపోయి తిరగడం లేదు. ఫోకస్ చేసే ర్యాక్ (పళ్ల పట్టీ), పినియన్ (దాన్ని నడిపే చిన్న పళ్ల చక్రం) మొరాయిస్తున్నాయి. వెనక గాజుల మీద సాలెగూడులా ఫంగస్. ముందు జంట గాజు అంచున పసుపు పచ్చని చంద్రవంక. గొట్టం మీద పాత లక్క పూత ముప్పాతిక వంతు బాగానే ఉంది, అక్కడక్కడ పచ్చటి చిలుము. ముందు గాజుకు నీడపట్టే హుడ్‌ని మాత్రం ఎవరో ఎప్పుడో బాగా తోమేశారు, ఇత్తడి బయటపడి గులాబీ మచ్చలు తేలాయి. కెమెరా పలకకు బిగించే ఫ్లాంజ్ లేదు, వెలుతురు తగ్గించే రంధ్రాల రేకులూ (అపర్చర్ రేకులు) లేవు.

ఇలాంటి వస్తువు చేతికి రాగానే మన ఇళ్లలో ఎవరికైనా ముందు తోచేది చింతపండు. పూజ సామాన్లకు అది సరైన మందే. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఇత్తడి మీది ఆక్సైడును కరిగిస్తుంది, కడిగేస్తే పసుపు రంగు తేలుతుంది, మళ్లీ వారానికి మళ్లీ తోముకుంటాం. లెన్సుకు మాత్రం అది చెరుపే. కార్ఖానాలో పూసిన పూత అంచుల కిందికి ఆమ్లం దూరి దాన్ని లేపేస్తుంది. మర (స్క్రూలా తిరిగే గాడి) సందుల్లోకి, గాజు చుట్టూ దిగిన తడి బయటికి రాదు. ఎక్కువసేపు ఉంటే ఇత్తడిలోని జింకు ముందుగా పోయి రాగి మిగులుతుంది. హుడ్ మీద గులాబీ మచ్చలు అవే.

అమోనియా ఉన్న పాలిష్‌లు ఇంకా ప్రమాదం. లోపల బిగువు మిగిలి ఉన్న ఇత్తడికి అమోనియా తగిలితే పగుళ్లు పుడతాయి. దీన్ని ముందుగా గమనించింది మన దేశంలోనే. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచిన తూటాల ఇత్తడి తొడుగులు వాటంతటవే చిట్లేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియానే అందుకు కారణమని 1921లో తేల్చారు. లెన్సు హుడ్‌లు రేకును వంచి చేసినవి కాబట్టి ఆ బిగువు వాటిలోనూ ఉంటుంది.

విప్పే ముందు ఫొటోలు తీశాను. ప్రతి సెల్‌నూ పక్కనుంచి, పైనుంచి. గొట్టానికీ సెల్‌కీ కలిపి మాస్కింగ్ టేప్ ముక్క అంటించి దాని మీద పెన్సిల్ గీత పెట్టాను, మళ్లీ బిగించినప్పుడు ఎంత దూరం తిరగాలో అది చెబుతుంది. టేపును లక్క పూత గట్టిగా ఉన్నచోటే అంటించాలి. లేచిపోతున్న పూత మీద అంటిస్తే టేపుతోపాటు ఊడి వస్తుంది. చీకటి గదిలో వెనకనుంచి టార్చి వేసి చూస్తే గాజులో ఏముందో తెలిసిపోతుంది. కొమ్మలుగా విచ్చుకుంటే ఫంగస్. అంచునుంచి లోపలికి సాగిన పసుపు మరక, ఇంద్రధనుస్సు వలయాలు గాజుల మధ్య అతుకు వదులుతోందనడానికి గుర్తు. గాజు పైన నీలి ఊదా రంగు పొర, మచ్చ లేకుండా, సమంగా ఉంటే దాన్ని అసలు ముట్టుకోవద్దు. సీసం కలిసిన ఫ్లింట్ గాజు గాలికి ఏళ్ల తరబడి అలా మారుతుంది. అలా మసకబారిన లెన్సు కొత్తదానికంటే ఎక్కువ వెలుతురు వదులుతోందని ఇంగ్లండ్ లెన్సు రూపకర్త హెరాల్డ్ డెన్నిస్ టేలర్ 1890ల్లోనే గమనించాడు. ఈనాటి లెన్సు కోటింగులకు మూలం ఆ గమనింపే. దాన్ని మురికనుకుని రుద్ది పోగొట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

బిగుసుకున్న మరలతోనే ఎక్కువ లెన్సులు పాడవుతాయి. కారణం సులువు. ఇత్తడి సెల్ గోడ మందం 1 మి.మీ.కి అటూ ఇటూ ఉంటుంది. శ్రావణమో, పెద్ద పైప్ రెంచో పెట్టి రెండు వైపుల నుంచి నొక్కగానే గుండ్రం కాస్తా కోడిగుడ్డు ఆకారమవుతుంది. గుండ్రం తప్పిన మర ఇంకా గట్టిగా పట్టేస్తుంది. నొక్కే కొద్దీ బిగుస్తుంది, బలం పెంచే కొద్దీ లెన్సు చస్తుంది. పట్టు చుట్టూ సమంగా పడాలి. పాత సైకిల్ ట్యూబును 3 సెం.మీ. వెడల్పున కత్తిరించి సెల్ చుట్టూ సాగదీసి చుట్టాను, దాని మీద రబ్బరు స్ట్రాప్ రెంచ్. గొట్టానికీ అలాగే ఇంకో ట్యూబు. చేతులతో పట్టి తిప్పడమే, బల్లకు బిగించిన వైస్‌లో పెట్టకూడదు.

ముందు పొడిగా ప్రయత్నించాను, రాలేదు. తర్వాత హెయిర్ డ్రైయర్‌తో బయటి గొట్టాన్ని, మర ఉన్నచోట చుట్టూ తిప్పుతూ, చేతికి వేడిగా తగిలేంత వరకు వేడిచేశాను. బయటిది లోపలిదానికంటే ముందు వ్యాకోచిస్తే సందు పుడుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త: ముందు జంట గాజును అతికించిన కెనడా బాల్సం 60, 70 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది. కాబట్టి వేడి మర దగ్గరే ఉండాలి, గాజు వేలికి గోరువెచ్చగా తగిలిందంటే ఆపాలి. అప్పటికీ రాకపోతే సూదిమొనతో ఒక చుక్క కిరసనాయిలు మర గీత మీద. గాజు పైకి, మర కిందికి ఉండేలా లెన్సును నిలబెట్టి వేయాలి. తలకిందులైతే కిరసనాయిలు గాజుల మధ్యకి పాకుతుంది. ఎసిటోన్ కలిపిన ద్రావణాలు తుప్పు పట్టిన ఇనుప బోల్టులకు అద్భుతంగా పనిచేస్తాయి గానీ లక్క పూతనూ బాల్సాన్నీ రెంటినీ కరిగిస్తాయి. లెన్సు దగ్గరికి రానివ్వను.

కిరసనాయిలు రాత్రంతా నానాక, తిప్పే ముందు చెక్క స్క్రూడ్రైవర్ పిడితో మర చుట్టూ చిన్నగా తట్టాను. ఎండిన పాత కొవ్వు పొర పగలడానికి ఆ అదురు చాలు. ముందు బిగించే వైపు వెంట్రుకవాసి, తర్వాత విప్పే వైపు. అలా అటూ ఇటూ తిప్పుతూ ఉంటే సెల్ కదిలింది. ఒక్కసారిగా విప్పే వైపే గుంజితే మరలు చీలి పొడి రాలుతుంది.

పినియన్ మూతకు నాలుగు స్క్రూలు. పాత స్క్రూల గాడి ఇప్పటి స్క్రూడ్రైవర్ మొనకంటే సన్నగా ఉంటుంది. మొనను ఆకురాయి మీద గాడికి సరిగ్గా సరిపోయేదాకా అరగదీసుకుంటే స్క్రూ తల చిరగదు. ఆ రోజుల్లో స్క్రూలను ఏ రంధ్రానికి ఆ రంధ్రంలో సరిచూసి బిగించేవారు, ఒకదాని చోట ఇంకొకటి సరిగా కూర్చోదు. అట్ట ముక్క మీద మూత బొమ్మ గీసి, రంధ్రాలు పొడిచి, ఏ స్క్రూను ఆ రంధ్రంలోనే గుచ్చి ఉంచాను.

ఇక గాజులు. ముందు సెల్‌లో గాజులను నిలబెట్టేది మరతో బిగించిన రింగైతే రెండు కాళ్ల స్పానర్‌తో విప్పుకోవచ్చు. చాలా పాత లెన్సుల్లో రింగు ఉండదు. ఇత్తడి అంచునే గాజు మీదికి వంచి నొక్కేసి ఉంటారు. దాన్ని లేపితే మళ్లీ వంచేటప్పుడు తెగుతుంది. అలాంటిదైతే గాజును సెల్‌లోనే ఉంచి శుభ్రం చేయాలి, వేరే దారి లేదు. దీనికి రింగు ఉంది.

గాజు బయటికి వచ్చాక అంచును చూడాలి, అది కూడా కడగకముందే. డార్లో లెన్సుల్లో గాజు గరుకు అంచు మీద పెన్సిల్‌తో రాసిన పేరు తరచుగా కనిపిస్తుంది. దీని మీదా ఉంది, సగం చెరిగిన ‘డార్లో’, ‘పారిస్’. లెన్సు నిజంగా ఎవరిదో చెప్పే ఆధారం ఇదే, ఎందుకంటే గొట్టం మీద దుకాణదారు పేరు చెక్కి అమ్మడం అప్పట్లో మామూలు. వెంటనే ఫొటో తీసుకున్నాను. ఆ అంచుకు నీళ్లు గానీ స్పిరిట్ గానీ తగలనివ్వలేదు. అంచుకు నల్లరంగు పూస్తే కాంట్రాస్ట్ పెరుగుతుందని సలహా ఇస్తారు. పెన్సిల్ రాత ఉన్న అంచుకు ఆ సలహా వర్తించదు.

వెనక జంటలో గాజులు అతికించి ఉండవు. రెంటి మధ్య సన్నటి ఇత్తడి రింగు, గాలి సందు. విప్పినవాళ్లు తలకిందులు చేసి బిగించేది ఇక్కడే. వరుస ఇలా ఉండాలి: ముందు జంట వైపు, అంటే గొట్టం లోపలి వైపు, నెలవంక ఆకారపు ఫ్లింట్ గాజు, దాని ఉబ్బు ముందుకి, గుంట వెనక్కి. తర్వాత రింగు. ఆ తర్వాత రెండు వైపులా ఉబ్బిన క్రౌన్ గాజు (సీసం లేని మామూలు గాజు). దాని ఎక్కువ ఉబ్బు ఫ్లింట్ గుంట వైపు చూడాలి. ఏ వైపు ఎక్కువ ఉబ్బో కంటికి తెలియకపోతే కిటికీ ప్రతిబింబం చూడాలి. ఎక్కువ ఉబ్బిన ముఖంలో కిటికీ చిన్నదిగా కనిపిస్తుంది. లండన్ లెన్సు తయారీదారు డాల్‌మేయర్ 1866లో పేటెంట్ తీసుకున్న పోర్ట్రెయిట్ లెన్సులో వెనక జంట వరుస తారుమారు, కాబట్టి ఈ క్రమాన్ని డాల్‌మేయర్‌కు పెట్టకూడదు.

గాజు శుభ్రతకు పెద్ద సరంజామా అక్కర్లేదు. ముందు రబ్బరు బ్లోయర్, తర్వాత మెత్తటి కుంచె. ఈ రెండూ కాకుండా తడి దూది పెడితే గాజు మీది ఇసుక రేణువే గీత గీస్తుంది. ఫ్లింట్ గాజు క్రౌన్ కంటే మెత్తన. తర్వాత 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో ఒకటి రెండు చుక్కల గిన్నెల సబ్బు. దూదిని అందులో ముంచి పిండి, బరువు వేయకుండా దొర్లించాలి, రుద్దకూడదు. ఒకసారి దొర్లించిన దూది మళ్లీ గాజు మీదికి రాదు. ఆఖర్న 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదితో ఒకసారి. ఫంగస్‌కు మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ సరిపోతుంది. తడిపిన దూదిని గాజు మీద ఐదు నిమిషాలు ఉంచి తీసి, సబ్బు నీళ్లతో, తర్వాత ఆల్కహాల్‌తో తుడవాలి. విడి గాజులకే ఇది. అతికించిన జంటను ఏ ద్రవంలోనూ నానబెట్టకూడదు.

ఫంగస్ పోయాక గాజులో సన్నటి కొమ్మల ముద్ర మిగిలింది. ఫంగస్ వదిలే ఆమ్లాలు గాజు ముఖాన్ని తినేసిన గుర్తు అది. గాజుకు మెరుగు పెట్టే సీరియం ఆక్సైడు పొడితో అరగదీస్తే పోతుంది, దాంతోపాటు గాజు వంపు కూడా మారుతుంది. చేతితో అరగదీసి వంపును సమంగా ఉంచడం ఎవరివల్లా కాదు. సన్నటి గీతలు, ముద్రలు బొమ్మలో దాదాపు కనిపించవు, ఎదురు వెలుతురులో కాస్త కాంట్రాస్ట్ తగ్గుతుంది, అంతే. లోతైన పెచ్చు మాత్రం వెలుతురును చెదరగొడుతుంది. దానికి పాత విరుగుడు నల్ల సిరా. పెచ్చు గుంటలో సన్నటి కుంచెతో చుక్క పెడితే చెదిరే వెలుతురు ఆగుతుంది, పోయే వెలుతురు లెక్కలోకి రాదు.

చంద్రవంక సంగతి. కెనడా బాల్సం ఉత్తర అమెరికాలో పెరిగే ఒక రకం ఫర్ చెట్టు బంక. దాని వక్రీభవన గుణకం 1.54 దగ్గర, గాజుకు చాలా దగ్గర, అందుకే అతుకు కనిపించదు. నూరేళ్లు దాటాక అంచు దగ్గర ఎండి, పసుపెక్కి, విడిపోవడం మామూలు. ఇక్కడ అది అంచునుంచి 4 మి.మీ. లోపలికి, చుట్టుకొలతలో ఆరో వంతు. దాన్ని అలాగే వదిలేశాను. రేకు వేసి అపర్చర్ కాస్త తగ్గించగానే అది చాలావరకు వెలుతురు దారి నుంచి తప్పుకుంటుంది, పూర్తిగా తెరిచి తీసినా బొమ్మలో గుర్తుపట్టలేం. విడదీసి మళ్లీ అతికించడంలో గాజు పగిలే ప్రమాదం, పెన్సిల్ రాత పోయే ప్రమాదం రెండూ ఉన్నాయి. ఈ మచ్చ అంత ప్రమాదానికి తగినది కాదు.

మధ్యలోనే విడిపోయినా, జంట మొత్తం మసకబారినా అప్పుడు తప్పదు. ఆ పని చేసేటప్పుడు ముందుగా అంచు మీద రెండు గాజులకూ కలిపి బాణం గుర్తు పెట్టాలి, కలిపిన కోణంలోనే మళ్లీ కలవాలి. గిన్నె అడుగున గుడ్డ పరిచి, చన్నీళ్లలో జంటను ఉంచి, సన్న సెగ మీద మరుగుకు దగ్గరగా తీసుకెళ్తే చాలా జంటలు జారిపోతాయి. మందపు గ్లౌజు వేసుకుని పక్కకి నెట్టాలి, పైకి లాగకూడదు. తర్వాత నీళ్లు వాటంతటవే చల్లారాలి. క్రౌన్, ఫ్లింట్ వేడికి ఒకేలా సాగవు, హఠాత్తుగా చల్లబడితే ఏదో ఒకటి చిట్లుతుంది. వేడి ఇష్టం లేకపోతే మూత ఉన్న గాజు సీసాలో ఎసిటోన్ పోసి రోజుల తరబడి నానబెట్టడం. నిదానం, కానీ గాజుకు భద్రం. ఈ రెంటిలో దేనితోనైనా అంచు మీది పెన్సిల్ రాత నిలుస్తుందని భరోసా లేదు.

మళ్లీ అతకడానికి బాల్సమా, యూవీ (అతినీలలోహిత) కాంతికి గట్టిపడే జిగురా అన్నది వాదం. నార్లాండ్ 61 లాంటి యూవీ జిగురు గుణకం 1.56, పని నిమిషాల్లో అయిపోతుంది. కానీ వంకరగా గట్టిపడితే విడదీయడం నరకం. బాల్సం గట్టిపడటానికి గోరువెచ్చటి చోట రోజులు పడుతుంది, తప్పు జరిగితే వేడిచేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు. నా ఓటు బాల్సానికే. రెండు గాజులనూ 60 డిగ్రీల దాకా వెచ్చచేసి, కింది గాజు గుంట మధ్యలో ఒకే చుక్క, పై గాజును నెమ్మదిగా దించి గుండ్రంగా తిప్పుతూ గాలి బుడగలను అంచుకు తోలాలి. కేంద్రాలు కలిశాయో లేదో చూడటానికి జంటను సెల్‌లో పెట్టి తిప్పుతూ దూరపు బల్బు ప్రతిబింబాలను గమనించాలి. ప్రతిబింబం గిరగిరా ఊగితే గాజు పక్కకి జారినట్టు.

ఇత్తడికి వద్దాం. గాజులన్నీ తీసేశాక గొట్టాన్ని మెత్తటి కుంచెతో దులిపి, గోరువెచ్చటి సబ్బు నీళ్లు పిండిన గుడ్డతో తుడిచాను. మురికి చాలావరకు దానితోనే పోయింది. మిగిలిన జిడ్డుకు మినరల్ టర్పెంటైన్. అది లక్కను ముట్టుకోదు. ఆల్కహాల్ ముట్టుకుంటుంది. నిర్ధారించుకోవాలంటే ఫ్లాంజ్ కింద దాగే చోట ఆల్కహాల్ తడిపిన దూది పుల్ల ఒక్కసారి అద్ది చూడాలి, దూది పసుపెక్కి జిగటగా తగిలితే అది పాత లక్క పూత. ఆ తర్వాత ఆల్కహాల్ సీసాను బల్ల మీదనుంచి తీసేయాలి. పచ్చటి చిలుమును కిరసనాయిలు తడిపి, వెదురు పుల్ల మొనతో గీకాను. వెదురు ఇత్తడి కంటే మెత్తన. చిలుము పోయినచోట గోధుమరంగు మచ్చ మిగులుతుంది, మిగలనివ్వాలి. చివర మైక్రోక్రిస్టలైన్ మైనం, వేలి గుడ్డకు అంటీ అంటనట్టు.

హుడ్‌కు మాత్రం పూత ఎలాగూ పోయింది కాబట్టి కొత్తది వేయాల్సి వచ్చింది. సొట్ట ఒకటి ఉంటే లోపలి వంపుకు సరిపోయేలా గట్టి కర్రను చెక్కి, హుడ్‌ను దాని మీద ఉంచి, బయటినుంచి చెక్క సుత్తితో చిన్న దెబ్బలతో సరిచేశాను. పాత కార్ఖానా మెరుగు అద్దంలా ఉండదు, లేత్ మీద చుట్టూ తిరిగిన సన్నటి గీతలతో ఉంటుంది. అందుకే బఫింగ్ చక్రం వద్దు, అది అంచులను గుండ్రం చేసి చెక్కిన అక్షరాలను మింగేస్తుంది. 1500, తర్వాత 2000 నంబరు నీటి ఎమరీ కాగితంతో చుట్టుకొలత దిశలోనే నడిపాను. గులాబీ మచ్చలు పైపైనే ఉండటంతో పోయాయి.

పూతకు రంగుల దుకాణాల్లో చపడా పేరుతో దొరికే లక్క రేకులు. తెల్లగా బ్లీచ్ చేసినవి కాకుండా ముదురువి. 100 మి.లీ. ఐసోప్రొపైల్‌లో 8 గ్రాములు వేసి, మూత పెట్టి, అప్పుడప్పుడు కదుపుతూ ఉంటే నెమ్మదిగా కరుగుతాయి. అడుగున మైనం లాంటి మడ్డి చేరుతుంది, పైతేటను కాఫీ ఫిల్టర్‌లో వడకట్టాలి. ఆనాటి తయారీ విధానాల్లో లక్కకు బంగారు ఛాయ కోసం కుంకుమపువ్వు, గాంబోజ్ బంక, పసుపు కూడా కలిపేవారు. పసుపు కలిపితే మొదట కళ్లు చెదిరే ఛాయ వస్తుంది గానీ ఎండకు వెలిసిపోతుంది, ముదురు లక్కకున్న సొంత రంగే నిలుస్తుంది.

హుడ్‌ను ఎసిటోన్‌తో తుడిచాక చేతితో ముట్టుకోలేదు. వేలిముద్ర పూత కింద చిక్కుకుని కొన్ని నెలలకు గోధుమరంగులో తేలుతుంది. లోపలినుంచి కర్ర బిగించి పట్టుకుని, హెయిర్ డ్రైయర్‌తో 50 డిగ్రీల దాకా వేడిచేసి, మెత్తటి వెడల్పాటి కుంచెతో ఒక చుట్టు. వేడి ఇత్తడి మీద ఆల్కహాల్ క్షణాల్లో ఆరిపోతుంది, కాబట్టి కుంచె వెనక్కి రాకూడదు. వచ్చిందంటే చార. చార పడితే దిద్దాలని చూడొద్దు, ఆల్కహాల్‌తో మొత్తం తుడిచేసి మొదటినుంచి వేయడమే. రెండు పలుచటి పూతలు ఒక మందపు పూతకంటే మేలు. వానాకాలం, అందులోనూ కోస్తాలో, ఈ పని పెట్టుకోవద్దు. గాలిలోని తేమ పూతలో చిక్కి పాలరంగు పొగమంచు పడుతుంది. వేడిచేసి వేయడానికి సగం కారణం అదే.

కొత్త హుడ్ పాత గొట్టం పక్కన కాస్త లేతగా కనిపిస్తుంది. కలిసిపోవడం కోసం గొట్టం పూత కూడా తీసేసి రెండూ ఒకేలా చేయడం చాలామంది చేసే పని. కార్ఖానా పూతను ఒకసారి తీస్తే తిరిగి తేలేం, కొనేవాడు కూడా మొదట చూసేది దాన్నే.

ర్యాక్, పినియన్లో పచ్చటి మైనంలా గడ్డకట్టినది పాత జంతుకొవ్వు గ్రీజు. కొవ్వు ఆమ్లాలు రాగితో కలిస్తే అలా పచ్చబడతాయి. టర్పెంటైన్‌లో నానబెట్టి, పళ్ల సందులను టూత్‌పిక్‌తో శుభ్రం చేశాను. పళ్ల మీద గ్రీజు తుడిచీ తుడవనట్టు చాలు. ఒకదానిలో ఒకటి జారే గొట్టాల మధ్య గ్రీజు అసలు వద్దు, దుమ్ము పట్టి మళ్లీ మొరాయిస్తుంది. అక్కడ మైనమే. మూత స్క్రూలు బిగించడంతో పినియన్ పట్టు నిర్ణయమవుతుంది: లెన్సును నేలకు చూసేలా పట్టుకుంటే గొట్టం తన బరువుకు జారకూడదు, ఒక వేలితో నాబ్ తిరగాలి. నాలుగు స్క్రూలనూ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగిస్తే ఆ స్థితి దొరుకుతుంది.

గొట్టం లోపలి నలుపు పెచ్చులు ఊడి గాజు మీద పడుతోంది. ఊడేదాన్ని మాత్రం తీసి, దీపపు మసిని పలుచటి లక్క ద్రావణంలో నూరి పూశాను. లక్క పాలు ఎంత ఉండాలంటే, ఆరాక వేలితో రుద్దితే మసి అంటకూడదు, అలాగని మెరవకూడదు. మెరిస్తే లక్క ఎక్కువైంది, ఇంకాస్త మసి కలపాలి. డబ్బాల్లో దొరికే నల్ల స్ప్రే చాలావరకు పక్కనుంచి చూస్తే మెరుస్తుంది.

బిగించేటప్పుడు మర మొదలు దొరికించుకోవడానికి సెల్‌ను ముందు వెనక్కి, విప్పే వైపే తిప్పాలి. ‘టక్’మని చిన్నగా దిగినచోట మర మొదలు. అక్కడినుంచి ముందుకి. మరలకు మెత్తటి పెన్సిల్ గ్రాఫైట్ రాస్తే చాలు. టేపు మీద గీసిన గీత దగ్గరికి రాగానే ఆపాను, అంతకంటే బిగించాల్సిన పని లేదు.

పరీక్షకు కెమెరా పలక అట్టతో చేసుకున్నా చాలు. పదిహేను అడుగుల దూరంలో వార్తాపత్రిక కాగితం గోడకు అంటించి, గ్రౌండ్ గ్లాస్ (కెమెరా వెనక బొమ్మ పడే గరుకు గాజు) మీద భూతద్దంతో చూశాను. మధ్యలో అక్షరాలు పదునుగా, అంచులకు పోయే కొద్దీ సుడి తిరిగినట్టు కరగాలి. ఆ సుడి పెట్స్‌వాల్ సహజ గుణం. మధ్యలో కూడా ఎక్కడా పదును రాక, మంచు తెర వేసినట్టుంటే వెనక గాజుల్లో ఒకటి తలకిందులైంది. ఒక పక్క పదునుగా, ఇంకో పక్క మసకగా ఉంటే సెల్ వంకరగా కూర్చుంది, లేదా వెనక రింగు కింద దుమ్ము ముక్క.

ఫ్లాంజ్‌కు లేత్ దుకాణానికి వెళ్లాలి. గాజులు తీసిన ఖాళీ గొట్టాన్నే ఇవ్వాలి, దాన్ని చక్‌లో (లేత్‌లో వస్తువును బిగించి పట్టే భాగం) బిగించనివ్వకూడదు. చక్ మూడు పళ్లు నొక్కితే గొట్టం ముక్కోణమవుతుంది. గొట్టం కేవలం సరిచూసుకోవడానికి. పాత ఫ్రెంచ్ మరలు ఇప్పటి మెట్రిక్ కొలతలతో గానీ విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ మర కొలతలతో గానీ కలిసే హామీ లేదు. పది మరల పొడవును వెర్నియర్‌తో కొలిచి పదితో భాగించి ఇస్తే మిస్త్రీ గేర్లు మార్చి దానికి తగ్గట్టు కోస్తాడు. ఆఖరి కోతలను మాత్రం గొట్టంతో సరిచూస్తూ వెంట్రుకవాసి చొప్పున తీయాలి.

గొట్టం పైన ఉన్న చీలిక వాటర్‌హౌస్ రేకులకు. జాన్ వాటర్‌హౌస్ 1858లో ప్రవేశపెట్టిన పద్ధతి: రంధ్రం ఉన్న రేకును చీలికలోంచి దించితే అదే అపర్చర్. పోయిన రేకులను 1 మి.మీ. నల్ల అట్టతో చేసుకోవచ్చు, రంధ్రం కొలతే కాస్త లెక్క. రేకు ముందు గాజుల వెనక ఉంటుంది కాబట్టి ఆ గాజులు దాన్ని పెద్దది చేసి చూపిస్తాయి. ఫోకల్ లెంగ్త్‌ను నేరుగా భాగించి కోస్తే ప్రతి రేకూ అనుకున్నదానికంటే ఎక్కువ వెలుతురు వదులుతుంది. ఎంత పెద్దదవుతుందో కొలవడానికి లెన్సును దూరపు వస్తువుకు ఫోకస్ చేసి, గ్రౌండ్ గ్లాస్ స్థానంలో మధ్యన సూది రంధ్రం ఉన్న నల్ల అట్ట పెట్టి, దాని వెనక టార్చి వెలిగించాను. ముందు హుడ్ మీద ట్రేసింగ్ పేపర్ ఆనిస్తే వెలుతురు వలయం పడుతుంది. 30 మి.మీ. రంధ్రానికి 35 మి.మీ. వలయం వచ్చింది, అంటే 1.17 రెట్లు. ఎఫ్/5.6కు 210ని 5.6తో భాగిస్తే 37.5, దాన్ని 1.17తో భాగిస్తే 32 మి.మీ. అదే లెక్కన ఎఫ్/8కు 22.4, ఎఫ్/11కు 16.3 మి.మీ. రేకు వాడనప్పుడు చీలిక మీద వెడల్పాటి నల్ల రబ్బరు బ్యాండు వేయాలి, లేకపోతే అక్కడినుంచి దిగే వెలుతురు ప్లేటు మీద పొగలా పడుతుంది.

దాచేటప్పుడు పాత తోలు పెట్టెలో పెట్టొద్దు. తోలు పదునుచేసిన రసాయనాలు, అందులో నిలిచే తేమ కలిసి ఇత్తడికి చిలుము, గాజుకు ఫంగస్ మళ్లీ తెస్తాయి. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, 100 గ్రాముల సిలికా జెల్, పక్కన ఒక చిన్న తేమ మీటరు. మీటరు 40, 50 శాతం మధ్య ఉంటే చాలు. జెల్ రంగు మారినప్పుడల్లా సన్న సెగ మీద వేడిచేసి, చల్లారాక మళ్లీ డబ్బాలో వేసుకోవచ్చు.